తలకోన జలపాతం పైదాకా ఎక్కి, క్షేమంగా దిగి రావడం ఎలా

తలకోనకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది చూసొచ్చేది జలపాతం అడుగు. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర దండం పెట్టుకుని, బాట పట్టి, మెట్లెక్కి, నీళ్లకింద తడిసి, మధ్యాహ్నానికి బండెక్కేస్తారు. అందులో కష్టమేమీ లేదు, దానికి ఇంత చెప్పాల్సిన పనీ లేదు. ఈ రాతంతా ఆ ధార ఎక్కణ్నుంచి పడుతోందో అక్కడిదాకా అడవిబాటలో ఎక్కాలనుకునేవాళ్ల కోసం. ధార ఎత్తు 270 అడుగులు, అంటే 82 మీటర్లు. ఇరవై ఏడు అంతస్తుల మేడ ఎంత ఉంటుందో అంత. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తయిన జలపాతంగా దీన్నే చెబుతారు.

ముందే ఒక మాట. ఇక్కడ కాళ్లు విరిగేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ప్రాణం మీదికి వచ్చేది దారిలో కాదు, నీళ్ల దగ్గర. కింద చెప్పేవాటిలో సగం ఈ రెండింటి గురించే.

ఏ నెలలో వెళ్లాలి

ఈ కొండలకు పెద్దవానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫాన్లు, వాయుగుండాలు ఒకదాని వెనక ఒకటి పడతాయి. ధార నిండుగా ఉండేది అప్పుడే, బాట చెడిపోయేదీ అప్పుడే. 2021 నవంబరులో కురిసిన వానకు తిరుమల కొండ మీంచి నీళ్లు మెట్లబాటలో వాగులా దిగడం తిరుపతివాళ్లెవరూ మరిచిపోయి ఉండరు. తలకోన కూడా అదే శేషాచలం.

మా లెక్కలో మంచి కాలం డిసెంబరు సగం నుంచి జనవరి ఆఖరు దాకా. వాన తెరిపి ఇచ్చాక కనీసం రెండు రోజులు ఎండ కాయాలి. వాతావరణ శాఖ తిరుపతి జిల్లాకు ఎల్లో అలర్ట్ ఇచ్చినా ఆ వారం ప్రయాణం వాయిదా వేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ధార సన్నబడిపోతుంది, బండలు కాలిపోతుంటాయి. శివరాత్రికి, కార్తీక సోమవారాలకు వచ్చే జనంలో కొండెక్కే ఆలోచన మానుకుని స్వామిని చూసుకుని రండి.

కాళ్లకు పరీక్ష ఇంటి దగ్గరే

తిరుపతివాళ్లకు ఈ విషయంలో ఎవరికీ లేని వసతి ఉంది. అలిపిరి బాటలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు బాటలో 2,388 మెట్లు. బయల్దేరడానికి మూడు వారాల ముందు నుంచి వారానికి ఒకసారి శ్రీవారి మెట్టు ఎక్కండి. గంటన్నరలోపు, రెండుమూడుసార్లకు మించి కూర్చోకుండా ఎక్కగలిగితే తలకోనకు ఊపిరి సరిపోతుంది.

అయితే మనవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటుంది. నడిచి ఎక్కి, బస్సులో దిగిపోతారు. ఎక్కినప్పుడు పనిచేసేది ఊపిరి, పిక్కలు. దిగేటప్పుడు ఒళ్లు బరువంతా మోసి ఆపేది తొడల ముందుభాగం. ఆ కండకు అలవాటు లేకపోతే అరగంట దిగేసరికి మోకాళ్లు వణుకుతాయి, వణికే కాలు రాయి మీద ఆనదు. అందుకని మూడుసార్లలో రెండుసార్లయినా నడిచే దిగండి. మర్నాడు తొడలు పట్టేస్తే మంచిదే. ఆ నొప్పేదో తలకోనకు ముందే తీరిపోతుంది.

బూట్లు, సంచి

చెప్పులతో వద్దు. శాండల్సూ వద్దు. రబ్బరు అడుగున్న బూట్లు కావాలి. కొనేటప్పుడు అడుగుభాగాన్ని బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కి చూడండి. గోటి గాటు పడి మెల్లగా పూడితే అది మెత్తటి రబ్బరు, తడిరాయిని పట్టుకుంటుంది. గోరు జారిపోయి గట్టి ప్లాస్టిక్‌లా తగిలితే ఆ బూటుకు ఎంత రేటున్నా తడిబండ మీద మిమ్మల్ని నిలబెట్టదు. కొత్తవాటిని కనీసం పది రోజులు ఊళ్లో తొడిగి నడవండి. కాలిగోళ్లు కత్తిరించుకోండి, లేకపోతే దిగేటప్పుడు వేళ్లు బూటు ముందుకు కొట్టుకుని గోరు నల్లబడుతుంది.

జీన్సు తడిస్తే ఆరదు, బరువెక్కి మోకాలిని వంగనీయదు. పాలిస్టరు ట్రాక్‌ప్యాంటు చాలు. చున్నీ వేసుకునేవాళ్లు నడుముకు బిగించి కట్టండి, ముళ్లకంపలకు మొదట చిక్కేది అదే.

ఒక్కొక్కరి సంచిలో ఉండాల్సినవి: మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు, తలకు కట్టుకునే టార్చి, విజిల్, ఒక జత పొడి మేజోళ్లు, ఫోనుకు గట్టిగా మూసుకునే కవరు. సెల్‌ఫోను లైటును టార్చి కింద లెక్కపెట్టకండి. రెండు చేతులూ రాయి మీద ఉన్నప్పుడు ఫోను ఎవరు పట్టుకుంటారు? జట్టు మొత్తానికి కలిపి: నాలుగంగుళాల క్రేప్ బ్యాండేజీలు రెండు, దూది, అయోడిన్ మందు, పదిహేను మీటర్ల నైలాను తాడు, ఒక పాతపంచె. పంచె ఎందుకో నీళ్ల దగ్గరికి వచ్చాక చెబుతాం.

తిండికి పులిహోరను మించింది లేదు. చింతపండు పులుపుకు, నూనెకు మధ్యాహ్నం దాకా చెడదు. పెరుగన్నం సంచి వేడికి పులిసిపోతుంది. దారిలో నమలడానికి వేయించిన చెనిక్కాయలు, బెల్లం, బొరుగులు. పొద్దున బయల్దేరేముందు రాగిజావ తాగితే కడుపు బరువుండదు, ఆకలీ త్వరగా వేయదు. రాగిసంగటి, మాంసం తిరిగొచ్చాక. తినేవి చేతిలో ప్లాస్టిక్ కవర్లో పట్టుకుని నడవకండి. గుడి చుట్టూ ఉన్న కోతులకు ఆ కవరు చప్పుడు చెవిలో పడితే చాలు.

గేటు దగ్గర

తిరుపతి నుంచి రంగంపేట, భాకరాపేట ఘాటు, భాకరాపేట, నేరబైలు మీదుగా తలకోన సుమారు 58 కి.మీ. ఘాటులో మలుపులున్నాయి, చీకట్లో తోలకుండా చూసుకోండి. బస్సులో వచ్చేవాళ్లు పోయే బస్సు కంటే తిరుగు బస్సు వేళ ముందు కనుక్కోవాలి.

ఇది శ్రీవేంకటేశ్వర జాతీయ వనం. చెక్‌పోస్టు దగ్గర టికెట్ తీసుకోవడమొక్కటే సరిపోదు. జలపాతం పైకి వెళ్తున్నామని అటవీ సిబ్బందికి చెప్పి, అనుమతి అడిగి, దారి తెలిసిన స్థానికుణ్ని వెంట తీసుకోవాలి. వాన ఎక్కువైనా, ఏనుగులు తిరుగుతున్నా పైబాట మూసేస్తారు. మూసి ఉంటే అంతే, వెనక్కి రావాలి. పక్కనుంచి దూరి పోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా ఇది ఎర్రచందనం అడవి. దొంగల కోసం గాలింపు జరిగే చోట అనుమతి లేకుండా సంచులేసుకుని తిరిగితే మీరెవరో చెప్పుకునేసరికి పొద్దుగూకుతుంది. నేలమీద పడి ఉందని ఎర్రచందనం చెక్కముక్క జేబులో వేసుకోవడం కూడా అంతే సంగతులు.

వెంట వచ్చే ఆయన్ను కూలిమనిషిలా చూడకండి. వయసును బట్టి "అన్నా", "పెద్దాయనా" అని పిలిచి, ఆయనకూ నీళ్లు, అన్నం మీ మూటలో పెట్టుకోండి. డబ్బు ముందే మాట్లాడుకుని నోట్లే తీసుకెళ్లండి. కోనలో సిగ్నలు ఉండదు, ఫోన్‌పేను నమ్ముకోవద్దు. ఆయన "ఇంక చాల్లే సామీ, తిరుగుదాం" అంటే వాదన పెట్టుకోకుండా తిరగండి.

ఎంతమంది వెళ్తున్నారు, ఎన్నింటికి దిగుతారు అన్నది కాగితం మీద రాసి గేటులో ఇవ్వండి. అదే వేళ ఇంట్లోనూ చెప్పండి.

వేళ

డిసెంబరులో తిరుపతిలో 5:45 ప్రాంతంలో పొద్దుగూకుతుంది. కోనలో అంతసేపు వెలుతురుండదు. రెండువైపులా కొండ కాబట్టి నాలుగున్నరకే రాళ్ల మీద నీడ పడి, గుంట ఏదో గట్టు ఏదో తెలియదు.

దాన్నిబట్టి వెనక్కి లెక్కేసుకోవాలి. తిరుపతిలో 5:30కి బయల్దేరితే ఏడున్నరకు గేటు. ఎనిమిదికల్లా నడక మొదలుపెట్టాలి. ఎక్కడానికి రెండున్నర గంటలు, పైన గంట, దిగడానికి మూడు గంటలు కేటాయించండి. దిగడానికే ఎక్కువ, పొరపాటున రాయలేదు. పన్నెండున్నర తిరుగువేళ. పన్నెండున్నర అయిందంటే పైకి చేరినా చేరకపోయినా, ధార శబ్దం చెవుల్లో మోగుతున్నా, "ఇంకో పది నిమిషాలే" అని ఎవరన్నా సరే, తిరగాలి. ఆ పది నిమిషాలే చీకట్లో గంట అవుతుంది.

ఎక్కడం: బండను చదవాలి

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. తలకోన బండలు దగ్గరికెళ్లినా నునుపే, అదే చిక్కు. శేషాచలంలో ఎక్కువగా ఉండేది క్వార్ట్‌జైట్. ఇసుకరాయి భూమి లోపలి వేడికి, ఒత్తిడికి గట్టిపడి తయారయ్యే రాయి. ఇది పలకలుగా, మూలలు తేలేట్టు విరుగుతుంది. అందుకే బాట మీది గుండ్లు చాలావరకు కదులుతుంటాయి. నీళ్లు పారిన చోట మాత్రం ఇదే రాయి గచ్చులాగా నున్నబడుతుంది.

అడుగు వేసేముందు రంగు చూడండి. తెల్లగా, గులాబీ రంగుగా, గరుకుగా కనిపిస్తే పొడిబండ, నిశ్చింతగా కాలు పెట్టొచ్చు. పచ్చగా కనిపించే పాచిని ఎవరైనా గుర్తుపట్టి తప్పుకుంటారు. పడేసేది నల్లమరక. ఎండలో ఆరిపోయినట్టే, మామూలు రాయిలాగే ఉంటుంది, కానీ అది ఎండిన పాచి. బూటు తడి తగలగానే సబ్బులా మారుతుంది. వాగు దాటి ఒడ్డెక్కిన మొదటి రెండు మూడు అడుగుల్లో జారిపడేది ఇందుకే. తడిసిన బూటును ముందు మట్టిమీదో పొడిరాయి మీదో నాలుగుసార్లు రుద్ది, అప్పుడు బండ ఎక్కండి.

ఎండుటాకుల మీద కాలు వేయొద్దు. కింద సందు ఉండొచ్చు, రక్తపింజర ఉండొచ్చు. అది ఆకుల రంగులోనే పడుకుని ఉంటుంది. కర్రతో ముందు తట్టండి. కర్ర మీ భుజమంత పొడవుండాలి, గేటు బయటే సంపాదించుకోండి, అడవిలో కొమ్మ విరవకండి.

చెయ్యి ఆనించేటప్పుడు చెట్టును చూసి పట్టుకోవాలి. తలకోనలో పేరుపడ్డ గిల్లతీగ మనిషి తొడంత లావుంటుంది. చూడటానికి బాగుంటుంది గానీ ఉయ్యాల ఊగడానికి కాదు. దూలగొండి కాయలు బాట పక్కన తగిలితే వాటి నూగు చర్మంలో గుచ్చుకుని దురద చంపేస్తుంది. గోకితే ఇంకా లోపలికి పోతుంది. మూట కట్టే ప్లాస్టర్ టేపును అక్కడ అంటించి లాగితే నూగు దాంతోపాటు ఊడొస్తుంది, తర్వాత నీళ్లతో కడగండి.

నడకవేగం మాట్లాడుతూ నడవగలిగేంతే. ఆయాసంతో మాట తెగుతుంటే వేగం తగ్గించాలి. జట్టులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లను దారి చూపే మనిషి వెనకే పెట్టండి, గట్టివాళ్లు ఆఖర్న. పావుగంటకోసారి నాలుగు గుక్కలు నీళ్లు తాగాలి. దాహమయ్యేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. సగం నీళ్లు అయిపోయినచోటే మీ సగం దారి. అది కొండ తలకు ముందే వస్తే అక్కణ్నుంచే తిరగండి. వాగునీళ్లు తేటగా ఉన్నా నేరుగా తాగకండి. క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి.

చిరుతల సంగతి. 2023 ఆగస్టులో అలిపిరి బాటలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయింది. ఆ బాట కూడా ఈ అడవిదే. పిల్లల్ని పైబాటకు తీసుకురావద్దు. పెద్దవాళ్లు గుంపుగా, మాటలు వినిపించేలా నడవండి. ఒంటరిగా వెనకబడటం, పొదల చాటుకు దూరంగా పోవడం మానుకోండి.

పైన

ధార మొదలయ్యే అంచు కనిపించగానే అందరి కాళ్లూ అటే లాగుతాయి. అంచుకు ఐదు బారల ఇవతలే ఆగిపోండి. నీళ్లు ఏళ్ల తరబడి ఒరుసుకుని పారడం వల్ల ఆ బండ అంచు చాకులా తెగి ఉండదు, కుండ మూతిలా బయటికి వాలి ఉంటుంది. ఎక్కడ చదును అయిపోయి ఎక్కడ వాలు మొదలైందో నిలబడ్డవాడికి తెలియదు. తెలిసేసరికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పొట్టమీద పాకి తొంగిచూడటం కూడా వద్దు. రాళ్లు కిందికి విసరొద్దు. పిడికిలంత రాయి 82 మీటర్లు పడితే గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో తగులుతుంది, కింద స్నానం చేసేవాళ్లకు అది కనబడదు. అడుగున స్నానం చేసేవాళ్లు కూడా ఇదే గుర్తుపెట్టుకుని నడిధార కింద కాకుండా తుంపర పడే పక్కకు నిలబడాలి.

అన్నం తిని, మేజోళ్లు మార్చుకుని, బూట్ల తాళ్లు మళ్లీ కట్టుకోండి. ఈసారి చీలమండ దగ్గర ఇంకో మెలిక వేసి బిగించాలి. అప్పుడే పాదం ముందుకు జారదు.

దిగడం

మడమలు కాదు, పాదమంతా ఒకేసారి ఆనాలి. అడుగులు చిన్నవిగా వేయాలి. మోకాలు కొంచెం వంచి ఉంచాలి. కర్ర ముందు దిగాలి, కాలు తర్వాత.

వాలు ఎక్కువైతే పక్కకు తిరిగి దిగండి. ఇంకా నిట్రంగా ఉంటే కొండవైపు మొహం పెట్టి, నిచ్చెన దిగినట్టు దిగాలి. ఇక్కడ సిగ్గు పనికిరాదు. ముడ్డి ఆనించి కూర్చుని జరుగుతూ దిగినవాడు ప్యాంటు పాడుచేసుకుంటాడు, అంతే. సంచిని ముందు కిందివాళ్లకు అందించేయండి. వీపుమీద బరువుంటే వెనక్కి తోస్తుంది.

ఒకరికొకరికి రెండు బారల ఎడం ఉండాలి. ఒకరి నెత్తిమీద ఒకరు ఉండేలా నిలబడకండి. కాలికింద రాయి కదిలి దొర్లితే "రాయి!" అని కేకేయాలి. ఆ కేక విన్నవాళ్లు పైకి చూడకూడదు, తల వంచి బండకు అతుక్కోవాలి.

తొడలు వణకడం మొదలైందంటే ఐదు నిమిషాలు కూర్చుని, బెల్లంముక్క, ఓఆర్‌ఎస్ నీళ్లు తీసుకోండి. పొట్లం మీద ఎంత రాసుందో అంత నీళ్లలోనే, సాధారణంగా లీటరు, మొత్తం పొట్లం కలపాలి. తక్కువ నీళ్లలో చిక్కగా కలిపితే మేలు కంటే కీడెక్కువ.

చీలమండ మెలిపడితే బూటు విప్పకండి. విప్పితే వాచిపోయి మళ్లీ ఎక్కదు. బూటు మీదినుంచే క్రేప్ బ్యాండేజీని పాదం కింద నుంచి ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి, కర్ర ఊతంతో, సంచి వేరేవాళ్లకిచ్చి దిగాలి. కాలు నేలకు ఆనించలేకపోతే మాత్రం నడిపించొద్దు, ఇద్దరు కిందికి పోయి సిబ్బందిని తీసుకురావాలి.

వాగు, మడుగు

వాగు దాటేముందు నీటి అంచున ఒక గుర్తు పెట్టుకోండి. నీళ్లు సరిగ్గా తాకుతున్న రాయి మీద బొగ్గుతోనో, ఒక గులకరాయి పెట్టో. తిరిగొచ్చేసరికి ఆ గులకరాయి మునిగి ఉంటే పైన ఎక్కడో వాన పడిందన్నమాట. మీ నెత్తిన ఎండ ఉన్నా సరే. తేట నీళ్లు ఎర్రబడటం, ఆకులు పుల్లలు కొట్టుకురావడం, శబ్దం బరువెక్కడం ఇవన్నీ అదే కబురు. వాగులో ఉంటే గట్టెక్కండి, గట్టు మీద ఉంటే తగ్గేదాకా అక్కడే కూర్చోండి.

దాటడానికి ఇరుకుగా ఉన్నచోటు చూడకండి, అక్కడే లోతు, వడి. వెడల్పుగా, రాళ్లు కనిపించేలా పారే చోటు వెతకండి. మోకాలు దాటితే దాటొద్దు. బూట్లతోనే దిగాలి. సంచి నడుంపట్టీ విప్పేసి, పడితే వదిలించుకునేలా ఉంచాలి. ప్రవాహం వచ్చేవైపు మొహం పెట్టి, కర్ర ముందు ఆనించి, పక్కకు జరుగుతూ ఒక్కో కాలు కదపాలి.

ధార పడే మడుగులో ఈత వద్దు. వచ్చినవాళ్లకే ప్రమాదం ఎక్కువ, రానివాళ్లు ఎలాగూ దిగరు. ధార కింద నీళ్లలో గాలిబుడగలు కలిసి ఉంటాయి కాబట్టి మనిషి మామూలు నీళ్లలో తేలినట్టు తేలడు. అడుగున గుండ్ల సందుల్లో కాలు ఇరుక్కుంటుంది. పైనుంచి దూకడం గురించి చెప్పక్కర్లేదు. మందు తాగినవాళ్లను నీళ్ల దగ్గరికే రానీయకండి.

ఎవరైనా మునుగుతుంటే వెనకే దూకొద్దు, ఇద్దరూ పోతారు. సగం నీళ్లున్న బాటిలుకు తాడు కట్టి, మనిషిని దాటి పడేలా విసరండి. బాటిలు బరువుకు దూరం పోతుంది, ఖాళీ సగం వల్ల తేలుతుంది. తాడు పక్కనే లేకపోతే పంచె. ఒక కొసను ముడేసి నీళ్లలో తడిపితే బరువొచ్చి మూడు మీటర్ల దాకా అందుతుంది. విసిరేవాడు నిలబడకూడదు, పడుకుని, వెనకవాళ్లు కాళ్లు పట్టుకోవాలి.

తేనెటీగలు, పాము

కొండచరియలకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. అత్తరు, సెంటు పూసుకు రావద్దు. చుట్ట, బీడీ, పొగ అసలొద్దు. ఈగలు లేస్తే చేతులు ఆడించకుండా, తువ్వాలు మొహానికి కప్పుకుని, వచ్చిన బాటలోనే చెట్లలోకి పోవాలి. మడుగులోకి కాదు. ముల్లును గోటితో వెంటనే గీకి తీసేయండి. పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆసుపత్రికి పరుగే.

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం, మూడూ చేయకండి. ఉంగరం, గడియారం, కాలిపట్టీలు తీసేయాలి. కరిచిన కాలికి రెండు కర్రలు పెట్టి పంచెతో కదలకుండా చుట్టాలి. నడిపించకూడదు, మోసుకు దింపాలి. సిగ్నలు దొరికిన తొలి చోటునుంచే 108కి ఫోను చేయండి. తిరుపతిలో రుయా ఆసుపత్రికి చేర్చండి. పామును చంపి పట్టుకెళ్లాల్సిన పనిలేదు. నాటువైద్యుడి దగ్గర ఆగిన గంటే తిరిగిరాని గంట.

గేటు దాటాక

పొద్దున ఇచ్చిన కాగితంలో మీ జట్టు దిగిందని చెప్పి కొట్టేయించండి. చెప్పకుండా పోతే చీకట్లో మీకోసం మనుషులు వెతుక్కుంటూ పోతారు. ఇంటికి చేరాక చంకలు, తొడల సందు, మోకాలి వెనక, చెవుల వెనక పిడుదులు పట్టాయేమో చూసుకోండి. కనిపిస్తే నలపకుండా, అగ్గిపుల్ల అంటించకుండా, సన్నటి పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. బూట్ల నిండా పాత పేపరు కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే అడుగు జిగురు వదిలి, పైసారి వాగులో ఊడి చేతికొస్తుంది.